పసుపు అక్షరాలు

"మీ అట్టముక్కలేవీ, ఓసారి చూపించండి" అన్నాడు దివాకర్, గుత్తొంకాయ కూర రెండోసారి వడ్డించుకుంటూ.

అట్టముక్కలు అన్నందుకు నమ్రతకి కోపం రాలేదు. బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మలుండే కార్డుల కోసం ఇంట్లో ఒక గది, ఆ గదిలో తేమ కొలిచే యంత్రం పెట్టుకున్న మనిషి ఆయన. వాళ్ళుండే నోవై ఊళ్ళో కార్డులు పోగేసే తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్. పైగా ఆఫీసులో ఆమె భర్త భాస్కర్‌కి టీం లీడ్. గ్రీన్‌కార్డ్ ఫైలు కదలాలంటే దివాకర్ గారు ఒక మెయిల్ కొట్టాలని భాస్కర్ నమ్మకం. అందుకని ఆయన ఈ ఇంట్లో ఏమన్నా జోకు కిందే లెక్క.

నమ్రత చెప్పుల అట్టపెట్టె తెచ్చి, బల్ల మూల శుభ్రంగా తుడిచి, కార్డుల్ని అంచులు పట్టుకుని ఒక్కొక్కటే పరిచింది. నూనెలోంచి తీసిన అప్పడాన్ని పట్టుకున్నంత జాగ్రత్తగా. అరవై ఏళ్ళ కిందట హాల్‌స్టెడ్ అనే బేకరీవాడు రొట్టె కవర్లలో వేసి ఇచ్చిన కార్డులవి. ఏదో చిన్న ఊరి టీము. ఇప్పుడు ఆ టీము లేదు, ఆ బేకరీ లేదు, ఆ ఊళ్ళో జనమైనా ఉన్నారో లేదో. గరాజ్ సేల్లో పూలకుండీ కొంటే అడుగున దొరికాయి. వీటిని పట్టించుకునేవాళ్ళు దేశం మొత్తమ్మీద ఒక పెళ్ళి బస్సుకి సరిపోతారు. బియ్యంలో రాళ్ళేరే కన్ను ఊరికే ఉండలేక నమ్రత ఆ బస్సెక్కింది.

"ఇది చూడండి దివాకర్ గారూ. రాయ్ పెట్‌కస్. ఇతనివి నాలుగున్నాయి. మూడింట్లో గ్లవ్ కుడిచేతికి ఉంది. టోపీ మీద బి అక్షరం అద్దంలో చూసినట్టు తిరగబడింది. దీంట్లో మాత్రం గ్లవ్ ఎడమచేతికి ఉంది, అక్షరం సరిగ్గా ఉంది. ఎందుకంటారు?"

దివాకర్ లేచి వెళ్ళి చెయ్యి కడుక్కొచ్చాడు. గుత్తొంకాయని కంచంలో సగంలో వదిలేసి చెయ్యి కడుక్కున్న మనిషిని చూసినప్పుడే ఆమెకి తట్టాల్సింది.

"నెగెటివ్ తిరగేసి అచ్చేశారండీ" అన్నాడు కార్డుని వెలుతురుకి పెట్టి. "ఆ మూడూ ఎర్రర్ కార్డులు. మన హాబీలో తప్పుకే విలువ. ఇది మామూలుది. సరిగ్గా ఉన్నదాన్ని ఎవడు పట్టించుకుంటాడు?"

"అయితే తప్పున్నవి దాచుకోమంటారా?"

"భద్రంగా! ఇది నాకిచ్చేయండి, నా సెట్లో ఒక ఖాళీ ఉంది. అబ్బే, ఊరికే వద్దు." జేబులోంచి తళతళలాడే కొత్త కార్డొకటి తీశాడు. తిప్పితే ఇంద్రధనస్సు కనిపిస్తుంది. "ఇది మీ సాన్వికి."

"థాంక్యూ అంకుల్" అంది సాన్వి. వంటింట్లోకి వచ్చాక, "అమ్మా, హూ ఈజ్ దిస్ గై?" అంది. కార్డు మీద మనిషి గురించా, అంకుల్ గురించా అన్నది నమ్రత అడగలేదు.

మంగళవారం బట్టలు మడతపెడుతుంటే ఫోను మోగింది. గ్రూపులో ఫోటో. మందపాటి ప్లాస్టిక్ డబ్బాలో రాయ్ పెట్‌కస్, ఎడమచేతికి గ్లవ్. కింది మూలలో కామా ఆకారంలో వెన్న మరక. ఆ మరక ఆమెకి సాన్వి మోకాలి మీద మచ్చంత తెలుసు.

"ఫ్రెండ్స్, ఎ మేజర్ డిస్కవరీ" అని రాశాడు దివాకర్. "ఈ కార్డు ఇంతవరకు దొరికిన కాపీలన్నీ రివర్స్‌డ్ నెగెటివే. బేకరీవాళ్ళు చివర్లో తప్పు దిద్ది కొన్నే వేసినట్టున్నారు. దిద్దిన కాపీ నాకు తెలిసి ప్రపంచంలో ఇదొక్కటే. ఇయర్స్ ఆఫ్ హంటింగ్! శనివారం కార్డుల షోలో డోరతీ గారికి చూపించి రికార్డ్ చేయిస్తున్నా."

కింద వరసగా చప్పట్లు. కండలు తిరిగిన చేతులు. ఎవరో గుమ్మడికాయ బొమ్మ కూడా పెట్టారు, దిష్టికి కాబోలు.

నమ్రత మడతపెడుతున్న చొక్కా పట్టుకుని మంచం మీద కూర్చుంది.

డోరతీ ఎవరో ఆమెకి తెలుసు. ఊరూపేరూ లేని ఇలాంటి సెట్ల కోసం ఒక చిన్న పత్రిక నడిపే పెద్దావిడ. కొత్త తేడా ఏది బయటపడినా పత్రికలో అచ్చేసి, పక్కన 'కనుగొన్నవారు' అని పేరు వేస్తుంది. ఫోటోలు చూడదు, కార్డు చేతిలో పెట్టాలి. అది ఆవిడ పట్టుదల. నమ్రత లైబ్రరీ నుంచి పాత సంచికలు తెచ్చుకుని ఆ పేర్లే చదివేది. ఒహాయోలో ఒక మెకానిక్, టోలిడోలో ఒక నర్సు. ఈ దేశంలో నమ్రత పేరు ఎక్కడ అచ్చయినా పక్కన 'డిపెండెంట్' అని ఉంటుంది. ఇన్సూరెన్సు కార్డు మీద, వీసా కాగితాల మీద, చివరికి జిమ్ మెంబర్‌షిప్ మీద కూడా. 'కనుగొన్నవారు' అన్న మాట పక్కన తన పేరు పడితే ఎలా ఉంటుందో మనసులో ఒకటి రెండుసార్లు అచ్చేసి చూసుకుంది కూడా.

రాత్రి భోజనాల దగ్గర భాస్కర్‌కి చెప్పింది.

"పోనీలెద్దూ, ఒక్క కార్డేగా" అన్నాడు భాస్కర్.

"నేను కనిపెట్టాను. నా బల్ల మీద, నా కూర తింటూ, మామూలుదని చెప్పి పట్టుకుపోయాడు."

"తప్పే. కాదనను. కానీ ఇప్పుడు నా ఫైల్ ఆయన టేబుల్ మీదుంది. ఈ టైంలో ఇష్యూ చేస్తే..."

"నేనేం ఇష్యూ చేయను" అంది నమ్రత.

భార్య ఇంత తేలిగ్గా ఒప్పుకుంటే అనుమానించాలని పెళ్ళయిన ఇన్నేళ్ళకి కూడా భాస్కర్‌కి ఎవరూ చెప్పలేదు. మర్నాడు అతని డబ్బాలో పెరుగన్నం ఒక్కటే ఉంది. ఆవకాయ కూడా లేదు.

గురువారం వరలక్ష్మీ వ్రతం పనులు. తోరాలకి దారం పేనుతూ, చిన్న గిన్నెలో తడిపిన పసుపులో ముంచి తీస్తోంది నమ్రత. పేరంటాళ్ళు వచ్చేలోగా బల్ల ఖాళీ చేయాలని పక్కనే ఉన్న కార్డుల పెట్టె జరపబోతే, పైనున్న వాల్ట్ గ్రైమ్స్ అనే ఆటగాడి కార్డు మీద పసుపంటిన బొటనవేలు పడింది.

"అయ్యో" అని కాగితపు తువ్వాలుతో అద్దింది. నీలం పట్టీ మీద పసుపు తుడుచుకుపోయింది. ఆ పట్టీలో పేరు తెల్లటి అక్షరాల్లో ఉంటుంది. తెలుపంటే రంగేమీ కాదు, సిరా పడని వట్టి అట్ట. ఆ అట్ట మాత్రం పసుపుని పీల్చేసుకుంది. వాల్ట్‌లో మొదటి రెండక్షరాలు బంగారంలా మెరుస్తున్నాయి.

నమ్రత దాన్ని దూరంగా పెట్టి చూసింది. దగ్గరగా పెట్టి చూసింది. వాల్ట్ గ్రైమ్స్ ఆమె దగ్గర అరడజను ఉన్నాడు. ఎవరికీ అక్కర్లేని మనిషి. బతికున్నప్పుడు కూడా అంతేనేమో పాపం.

మొదటి రెండక్షరాలూ పొరపాటు. మిగతావి కాదు. టూత్‌పిక్ కొనకి దూది చుట్టి, పసుపులో ముంచి, పిండి వంటలకి అంచు చుట్టినట్టు ఓపిగ్గా ఒక్కో అక్షరం నింపింది. ఎస్ అక్షరం వంపు దగ్గర ఊపిరి బిగపట్టింది. ఫ్యాను కింద ఆరబెట్టి, ఆరాక మెత్తటి గుడ్డతో పైపైన తుడిచింది. అమ్మవారి ముఖానికి కళ్ళు దిద్దినప్పుడు కూడా ఇంత శ్రద్ధ పెట్టలేదని గుర్తొచ్చి లెంపలేసుకుంది.

ఒక్క నియమం మాత్రం పెట్టుకుంది. అబద్ధం ఆడకూడదు. ఒక్కటి కూడా. తెల్లవారితే వ్రతం కదా.

శుక్రవారం సాయంత్రానికి ఇల్లంతా అగరొత్తుల పొగ, పట్టుచీరల గరగర. పొగకి అలారం మోగకుండా సాన్వి కింద నిలబడి తువ్వాలు విసురుతోంది. పేరంటాళ్ళు తాంబూలాలు తీసుకుని వెళ్ళిపోయాక దివాకర్ భార్య ఉష ఒక్కతే మిగిలింది. ఆమెని తీసుకెళ్ళడానికి దివాకర్ వచ్చాడు. పులిహోర ప్లేటు చేతికి అందేసరికి ఆయన కళ్ళు టీపాయ్ మీద తెరిచి ఉన్న అట్టపెట్టె మీద పడ్డాయి. పడాలనే అది అక్కడుంది.

ప్లేటు పక్కన పెట్టాడు. చెయ్యి కడుక్కొచ్చాడు.

"నమ్రత గారూ... ఈ గ్రైమ్స్ కార్డు... అక్షరాలేంటి ఇలా ఉన్నాయి?"

"పసుపండీ" అంది నమ్రత, దీపంలో నూనె పోస్తూ.

"అవునవును, పసుపే! మిగతావన్నీ తెలుపు కదా?"

"మిగతావాటికి అంటలేదండీ. దీనికే అంటింది."

"అదే, అదే! ప్రెస్సులో ఒక్కోసారి రంగు అంటదు. ఇది ఏదో ట్రయల్ కాపీ అయ్యుంటుంది. ఎల్లో లెటర్స్!" కార్డుని వెలుతురుకి తిప్పాడు. "ఎవరికైనా చూపించారా?"

"లేదండీ. నిన్ననే అయింది. చెప్తున్నాగా, అది పసుపు."

"నాకు కనిపిస్తోందండీ పసుపని!"

సోఫాలో ఉషకి పులిహోర పొలమారింది. సాన్వి నీళ్ళు తెచ్చిచ్చింది. ఉష గ్లాసు మీదుగా కార్డుని చూసింది, తర్వాత నమ్రత గోళ్ళని చూసింది, తర్వాత మళ్ళీ నీళ్ళు తాగింది.

"దీన్ని నాకిచ్చేయండి" అన్నాడు దివాకర్. "సాన్వికి మంచి కార్డొకటి..."

"వద్దండీ, సాన్వికి చాలు. నా పెట్‌కస్ నాకిచ్చేయండి, ఇది తీసుకెళ్ళండి."

భాస్కర్ దగ్గాడు. నమ్రత వినలేదు.

దివాకర్ ఆలోచించాడు. ఆయన ఆలోచన అద్దంలోంచి చూస్తున్నట్టే కనపడింది ఆమెకి. పెట్‌కస్ తనదని గ్రూపంతా చూసేసింది. కార్డు ఈ ఇంట్లో ఉంటే మాత్రం ఏం పోయింది? ఈవిడ దాన్ని పసుపు కుంకుమల పక్కన పెట్టెలో దాస్తుంది, అంతేగా. పత్రికలో రెండు తేడాలు, రెండింటి పక్కనా ఒకటే పేరు.

"రేపు షోకి ఒక్క గంట పెట్‌కస్‌ని నాకు ఇవ్వాలి మరి. చూపించి తెచ్చిచ్చేస్తా."

"చూద్దామండీ" అంది నమ్రత. అదీ అబద్ధం కాదు.

ఆయన కారు దగ్గరకి వెళ్ళి ప్లాస్టిక్ డబ్బా తెచ్చాడు. కార్డులు చేతులు మారాయి. గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ ఉష వెనక్కి వంగి, "నమ్రతా, ఆయనకి చెప్పనా?" అంది మెల్లగా.

"మీ ఇష్టం అక్కా. నేనైతే చెప్పాను."

"ఆయనకి వాసన తెలీదు. వంటింట్లోకి వస్తేగా తెలియడానికి." చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "నన్ను అడిగితే చెప్తాలే. పాతికేళ్ళలో ఏదీ అడగలేదు, ఇదడుగుతాడా?"

శనివారం షో ఒక చర్చి పక్క హాల్లో. మడత బల్లలు, కాఫీ ఫ్లాస్కులు, హాట్‌డాగ్‌ల వాసన. దారిలో దివాకర్ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. నమ్రత తీయలేదు. డ్రైవింగ్‌లో ఫోనెత్తడం ఈ రాష్ట్రంలో నేరం, చట్టమంటే ఆమెకి గౌరవం.

లోపలికి వెళ్ళేసరికి డోరతీ బల్ల దగ్గర దివాకర్ ఉన్నాడు, వెనక గ్రూపులోని ఇద్దరు ముగ్గురు ఫోన్లెత్తి వీడియో తీస్తున్నారు. డోరతీ తెల్లటి జుట్టు పొట్టి మనిషి, కుడి మణికట్టుకి పట్టీ కట్టుకుంది. నమ్రత కాఫీ ఫ్లాస్కు పక్కన, స్తంభం చాటున నిలబడింది. ఈ ఘడియ కోసమే రెండు రోజులుగా వంట చేస్తూ, అంట్లు తోముతూ ఎదురుచూసింది. ఆయన ముఖం ఎలా మారుతుందో రకరకాలుగా ఊహించుకుంది. ఇప్పుడు ఎదురుగా చూడబోతోంది. కాఫీలో పంచదార కూడా వేసుకోలేదు, ఆ తీపి చాలని.

"పెట్‌కస్ కార్డు దారిలో ఉంది మేడమ్" అంటున్నాడు దివాకర్ ఇంగ్లిష్‌లో. "ముందు ఇది చూడండి. ఎల్లో లెటర్ గ్రైమ్స్. ఎవరూ ఎప్పుడూ చూడనిది."

డోరతీ భూతద్దం కంటికి పెట్టుకుంది. చాలాసేపు చూసింది. "ఇది అచ్చు కాదే" అంది. "అచ్చులో ఉండే సన్నటి చుక్కల్లేవు. అట్టలోకి ఇంకింది. ఏదో మరక." ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

పక్క బల్ల వెనకున్న టోపీవాలా చేతిలో హాట్‌డాగ్‌తో ముందుకి వంగాడు. "ఏంటది, కర్రీనా?" పెద్దగా నవ్వాడు. "కార్డులు ముట్టుకునే ముందు మీవాళ్ళు చేతులు కడుక్కోవాలి మరి!"

చుట్టూ నవ్వులు. వీడియో తీస్తున్నవాళ్ళ ఫోన్లు ఒక్కొక్కటే దిగాయి. దివాకర్ చెవులు ఎర్రబడ్డాయి. చేతులు, అంత శుభ్రంగా కడుక్కునే ఆ చేతులు, ప్యాంటు జేబుల్లోకి వెళ్ళిపోయాయి.

నమ్రత ఊహించుకున్న ముఖం అదే. ఒక్క గీత కూడా తేడా లేదు. కానీ ఆ నవ్వు తను వండింది కాదు. మీవాళ్ళు అన్నాడు. ఆ మాట దివాకర్‌ని దాటుకుని వచ్చి, స్తంభం చాటున కాఫీ కప్పు పట్టుకున్న తన పచ్చటి గోళ్ళ దాకా వచ్చింది. దివాకర్‌ని ఏడిపించే హక్కు తనది. కష్టపడి, టూత్‌పిక్ పట్టుకుని సంపాదించుకున్న హక్కు. దాన్ని హాట్‌డాగ్ తింటూ వీడెవడో ఊరికే వాడుకుంటున్నాడు.

కప్పు పెట్టేసి బల్ల దగ్గరకి వెళ్ళింది.

"అది కర్రీ కాదు, పసుపు" అంది ఇంగ్లిష్‌లో, రెండు చేతులూ బల్ల మీద పరిచి. "టర్మరిక్. వేలు నాది. నిన్న పూజ చేసుకున్నాను. ఈయనకి పసుపని ముందే చెప్పాను. మా భాషలో ఆ రంగుకీ దీనికీ ఒకటే మాట, ఈయన రంగనుకున్నారు." తర్వాత టోపీవాలా వైపు తిరిగింది. "మీ హాట్‌డాగ్ మీద మస్టర్డ్‌కి ఆ రంగు ఎక్కడిదనుకున్నారు? అదీ పసుపే. సీసా వెనక రాసుంటుంది, చదవండి. మీ చొక్కా మీద కూడా పడింది."

టోపీవాలా చొక్కా చూసుకున్నాడు. పడింది.

"లెన్, ముప్పై ఏళ్ళుగా నీ కార్డుల మీద మస్టర్డ్ తుడుస్తున్నాను" అంది డోరతీ తల ఎత్తకుండా. "కూర్చో." ఈసారి నవ్వులు అటు మళ్ళాయి.

దివాకర్ ఊపిరి పీల్చుకున్నాడు. "థాంక్సండీ" అన్నాడు నమ్రతతో తెలుగులో, నేల చూస్తూ.

"అప్పుడే అనకండి" అంది నమ్రత. హ్యాండ్‌బ్యాగు తెరిచి ప్లాస్టిక్ డబ్బా తీసి, డోరతీ అరచేతిలో పెట్టింది.

భూతద్దం మళ్ళీ కంటికి వెళ్ళింది. ఎడమచేతికి గ్లవ్. టోపీ మీద సరిగ్గా నిలబడ్డ బి. చుక్కలు, చుక్కలు, అన్నీ అచ్చు చుక్కలే. డోరతీ అద్దం దించి, కళ్ళజోడు తుడుచుకుని, మళ్ళీ పెట్టింది.

"నలభై ఏళ్ళలో నేను చూడలేదిది" అంది మెల్లగా. "ఎవరు కనిపెట్టారు?"

దివాకర్ నోరు తెరిచాడు. గ్రూపువాళ్ళు ఆయన్నే చూస్తున్నారు. మంగళవారం చప్పట్లు కొట్టింది వాళ్ళే. నమ్రత పచ్చటి వేళ్ళని బల్ల మీద అలాగే ఉంచి, ఆయన ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఇప్పుడే కాపాడిన మనిషిని, ఆమె వేళ్ళు కనపడుతుండగా, రెండోసారి దోచుకోగలడేమో చూద్దామని.

"ఈవిడ" అన్నాడు దివాకర్. గొంతు సవరించుకుని, "షీ ఫౌండ్ ఇట్" అన్నాడు.

"పేరు రాసిపెట్టు బాబూ, నా మణికట్టు పనిచేయదు" అని డోరతీ చీటీ, పెన్ను ఆయన ముందుకి తోసింది.

దివాకర్ వంగాడు. 'కనుగొన్నవారు' అన్న గీత మీద రాయడం మొదలుపెట్టాడు. నమ్రత తల వంచి చూసింది.

"చివర్లో హెచ్ వదిలేశారండీ."

ఆయన కొట్టేసి మళ్ళీ రాశాడు. తర్వాత అలవాటుగా భాస్కర్ ఇంటిపేరు మొదటి అక్షరం వేశాడు.

"అది మా ఆయనది. నాది వేరు."

పెన్ను ఆగింది. నమ్రత ఇంట్లో ఆయన తినని కూర లేదు గానీ, ఆమె ఇంటిపేరు ఆయనకి తెలీదు.

"గుండ్లపల్లి" అంది నమ్రత. "జీ. యూ. ఎన్. డీ." చంటిపిల్లకి అన్నం కలిపి పెట్టినంత నిదానంగా, ఒక్కో అక్షరం రాసేదాకా ఆగి, తర్వాతది చెప్పింది.

"జాగా చాలడం లేదండీ" అన్నాడు దివాకర్.

"తిప్పి వెనక రాయండి" అంది నమ్రత. "నాకేం తొందర లేదు."